నలుగురిలో కూర్చుంటే చదువు అబ్బుతుందా? అశోక్‌నగర్ స్టడీ హాళ్ళపై చర్చ

చిక్కడపల్లి చదువరి

మా తమ్ముడు సూర్యాపేటలో ఇంటి దగ్గరే ఉండి గ్రూప్-2కు చదువుకుంటున్నాడు. వాణ్ణి హైదరాబాద్ రప్పించి అశోక్‌నగర్‌లో ఏదైనా స్టడీ హాల్‌లో చేర్పించాలని మా బాబాయి పట్టుబడుతున్నారు. నలుగురు చదువుతుంటే చూసి వాడికీ పట్టుదల వస్తుందనీ, ఇంట్లో ఉంటే ఫోను పట్టుకుని పొద్దు గడిపేస్తాడనీ ఆయన వాదన. తనంతట తాను పుస్తకం తీయనివాడు ఎక్కడికి వెళ్ళినా తీయడనీ, ఆ ఖర్చు దండుగనీ నాన్నగారి మాట. నేను రోజూ సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి కాబట్టి తీర్పు నన్ను చెప్పమంటున్నారు. ఇతరులను చూసి మనిషి నిజంగా ఏం నేర్చుకుంటాడు, తనను తాను అదుపులో పెట్టుకోవడం చూసి నేర్చుకోగలిగినదేనా అన్నది నా ప్రశ్న. హాస్టళ్ళ అద్దెలు, భోజనాల సంగతి పక్కనపెట్టి దీని మీదే చెప్పవలసిందిగా మనవి.

లెక్కల మాస్టారు, దిల్‌సుఖ్‌నగర్

మీ బాబాయిగారి మాటలో పస ఉంది. దానికి శాస్త్రాధారం కూడా ఉంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా బృందం 1961లో అక్కడి నర్సరీ బడికి చెందిన 72 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. పెద్దవారు ఒకరు గాలి నింపిన బోబో బొమ్మను సుత్తితో కొట్టడం, దానిమీద అరవడం చూసిన పిల్లలు, తర్వాత తమకు అదే బొమ్మ దొరికినప్పుడు చాలావరకు అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. శాంతంగా ఆడుకున్న పెద్దవారిని చూసిన పిల్లల్లో అది చాలా తక్కువ. ఆ దెబ్బలు కొట్టమని పిల్లలకు ఎవరూ చెప్పలేదు, కొట్టినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. బహుమతో శిక్షో లేనిదే కొత్త ప్రవర్తన రాదని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో ఇది పెద్ద మాటే.

మన చర్చకు 1965 నాటి ప్రయోగం ఇంకా దగ్గరగా ఉంది. ఈసారి సినిమాలో బొమ్మను కొట్టిన మనిషికి కొందరు పిల్లల ఎదుట శిక్ష, మరికొందరి ఎదుట మెప్పు దక్కేలా చూపించారు. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. అయితే చూసినదాన్ని చేసి చూపిస్తే స్టిక్కర్లు, పళ్ళరసం ఇస్తామని చెప్పగానే ఆ తేడా పోయింది. అంటే నేర్చుకోవడం అందరిలోనూ జరిగింది, బయటపెట్టడానికి మాత్రం పరిస్థితి కావలసి వచ్చింది. మీ తమ్ముడికి చదవడం రాక కాదు, చదువు బయటపడే పరిస్థితి ఆ ఇంట్లో లేదు. దాన్ని స్టడీ హాల్ కల్పిస్తుంది.

అశోక్‌నగర్ అద్దెగది

మాస్టారు గారి ఉదాహరణలో దెబ్బ కంటికి కనిపిస్తుంది. చదువు కనిపించదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

స్టడీ హాల్‌లో పక్కవాడిని చూస్తే ఏం కనిపిస్తుంది? అతను కూర్చోవడం, పేజీ తిప్పడం, గీతలు గీయడం. మా వరుసలో ఒకతను పాలిటీ పుస్తకంలో అధికరణలకు పసుపు, తీర్పులకు ఆకుపచ్చ, సవరణలకు గులాబీ రంగు వేయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఆ వరుసలో అందరి బల్లల మీదా మూడు రంగుల హైలైటర్లు వెలిశాయి. పుస్తకం మూసి, రాజ్యాంగ సవరణలకు సంబంధించిన 368వ అధికరణ కింద ఏ సవరణకు రాష్ట్రాల ఆమోదం కూడా కావాలో చెప్పమంటే నీళ్ళు నమిలేవారే ఎక్కువ. రంగు వేయడం అందరికీ అంటుకుంది కానీ, ఆ వాక్యం దగ్గర ఆగి, దీనికి సాధారణ మెజారిటీ ఎందుకు చాలదని మొదటి అతను తనను తాను ప్రశ్నించుకున్నాడో లేదో చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

బండూరా పేరు ఎత్తారు కాబట్టి ఆయనదే మరో ప్రయోగం చెబుతాను. 1964లో ఆయన, కూపర్స్ కలిసి పిల్లల చేత చిన్న బౌలింగ్ ఆట ఆడించారు. ముందుగా ఆడి చూపించినవారిలో కొందరు మంచి స్కోరు వస్తేనే తమను తాము మెచ్చుకుని మిఠాయి తీసుకున్నారు, మరికొందరు కొద్దిపాటి స్కోరుకే తీసుకున్నారు. తర్వాత పిల్లలు ఒంటరిగా ఆడినప్పుడు, తాము చూసిన మనిషి ఎంత స్కోరుకు తృప్తిపడ్డాడో దాదాపు అంతకే తామూ తృప్తిపడ్డారు. నలుగురిలో కూర్చున్నవాడు ముందుగా నేర్చుకునేది చదవడాన్ని కాదు, ఎంత చదివితే చాలనుకోవచ్చో ఆ కొలతను. మా హాళ్ళలో ఆ కొలత గంటలు. 'ఈ రోజు పది గంటలు కూర్చున్నాను' అన్న మాట రాత్రి మెట్లు దిగుతూ వినిపిస్తుంది. 'ఈ రోజు ఫలానా అధ్యాయంలో ఇన్ని ప్రశ్నలు తప్పాను' అని ఎవరూ అనరు. ఇంట్లో మూడు గంటలు సరిగ్గా చదివే కుర్రవాడు ఇక్కడికి వచ్చి పది గంటలు కూర్చోవడం నేర్చుకుంటే అది లాభమా?

ఇద్దరు పిల్లల తల్లి, సైదాబాద్

మగపిల్లల విషయంగానే మాట్లాడుకుంటున్నారు. మా అమ్మాయి కూడా ఇదే పరీక్షకు చదువుతోంది. రాత్రి పొద్దుపోయేదాకా హాల్‌లో ఉండి ఒంటరిగా రావడం మాకు ఇష్టం లేక ఇంట్లోనే ఉంచాము. తోడు కోసమని అది యూట్యూబ్‌లో టాపర్ల ఇంటర్వ్యూలు వింటుంది, గంటల తరబడి ఎవరో చదువుకుంటూ కూర్చునే వీడియోలు పెట్టుకుని చదువుతుంది. మనిషిని ఎదురుగా చూసి నేర్చుకోవడానికీ తెరమీద చూసి నేర్చుకోవడానికీ తేడా ఉంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

మనస్తత్వశాస్త్ర విద్యార్థి, తార్నాక

మేడమ్, అనుకరణ వరకైతే తెర అడ్డు కాదు. బొమ్మను కొట్టడం సినిమాలో చూసిన పిల్లలు కూడా ఎదురుగా చూసినవారిలాగే అనుకరించారని 1963 లోనే తేలింది. చిక్కు మరోచోట ఉంది. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కార్డాస్, ఓబ్రయన్ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, బల్ల మీద పాత్రలు కదలకుండా కింది గుడ్డను లాగేయడం, గురిచూసి డార్ట్ విసరడం వంటి విద్యల వీడియోలను కొందరికి ఒక్కసారి, కొందరికి 20 సార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవారికి తామూ చేయగలమన్న ధీమా బాగా పెరిగింది, డార్ట్ చేతికిచ్చి విసరమంటే మాత్రం గురి ఏమీ మెరుగుపడలేదు. టాపర్ల ఇంటర్వ్యూల మీద నాకున్న అనుమానం ఇదే. విన్నంతసేపు సిలబస్ చేతిలోకి వచ్చినట్టే ఉంటుంది.

ఎవరిని చూస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. షంక్, హాన్సన్ 1985లో, అప్పు తెచ్చుకునే తీసివేతలు రాని పిల్లలను తీసుకుని, కొందరికి ఉపాధ్యాయుడు చేసి చూపినట్టు, కొందరికి తోటి పిల్లవాడు చేసినట్టు వీడియోలు చూపించారు. తోటి పిల్లవాణ్ణి చూసినవారికే తాము చేయగలమన్న నమ్మకమూ, తర్వాత లెక్కలూ మెరుగ్గా వచ్చాయి. రెండేళ్ళ తర్వాత భిన్నాలతో చేసిన పరిశోధనలో, మొదట తడబడి క్రమంగా సర్దుకున్న పిల్లవాణ్ణి చూసినవారు, ఒక్క తప్పూ లేకుండా చేసుకుపోయిన ఒకే ఒక్క పిల్లవాణ్ణి చూసినవారి కంటే ముందున్నారు. ర్యాంకు వచ్చాక సోఫాలో కూర్చుని మాట్లాడే మనిషి రెండో రకం. మీ అమ్మాయి చూడవలసింది మొన్న మాక్ టెస్టులో తక్కువ మార్కులు వచ్చి, ఎందుకు వచ్చాయో వెతుక్కుంటున్న స్నేహితురాలిని. వీలైతే ఆ స్నేహితురాలు బయటికి చెబుతూ వెతకాలి. అద్దెగది గారు అన్నట్టు లోపల జరిగే ఆలోచన పైకి కనిపించదు, నోటితో చెబితేనే ఎదుటివారికి అందుతుంది.

తనను తాను నడిపించుకోవడమంటే సంకల్పబలం అని ఇక్కడ అందరూ అనుకుంటున్నట్టుంది. బండూరా దాన్ని మూడు పనులుగా చూశారు: తాను ఏం చేస్తున్నాడో గమనించుకోవడం, దాన్ని ఒక ప్రమాణంతో పోల్చి తూచుకోవడం, ఆ తూకాన్ని బట్టి తనను మెచ్చుకోవడమో సరిదిద్దుకోవడమో. ఇందులో మధ్యది మాత్రమే ఇతరుల నుంచి తేలికగా వస్తుంది. మొదటిది ఎవరికి వారు చేసుకోవలసిందే.

లెక్కల మాస్టారు, దిల్‌సుఖ్‌నగర్

తార్నాక మిత్రులు ఒక్క మాట దాటేశారు. అదే భిన్నాల పరిశోధనలో, తప్పులేకుండా చేసేవారైనా సరే ఒకరికి బదులు పలువురిని చూసిన పిల్లలకు కూడా మేలే జరిగింది. అంతమందిలో ఎవరో ఒకరు తనలాంటివాడు కనిపిస్తాడు మరి. స్టడీ హాల్ బలం అదే. అక్కడ ఒక టాపర్ ఉండడు, అన్ని రకాలవాళ్ళూ ఉంటారు.

గంటల కొలత గురించి అద్దెగది గారు చెప్పింది నేనూ చూశాను, కాదనను. అయితే పక్కన మనిషి ఉండటం వల్ల జరిగే పని ఇంకొకటి ఉంది. రాబర్ట్ జయాంక్ 1969లో బొద్దింకల మీద చేసిన ప్రయోగం చాలామందికి నవ్వు తెప్పిస్తుంది. నాకూ తెప్పించింది. తోటి బొద్దింకలు చూస్తున్నప్పుడు అవి తిన్నటి దారిలో వేగంగా పరుగెత్తాయి, మలుపున్న దారిలో మాత్రం నెమ్మదించాయి. మనుషుల్లోనూ బాగా వచ్చిన పని నలుగురిలో చురుగ్గా సాగుతుందనీ, ఇంకా రాని పని తడబడుతుందనీ ఆయన 1965లోనే ప్రతిపాదించారు. దాన్నిబట్టి నా సలహా ఏమిటంటే, రివిజన్, బిట్లు, మాక్ టెస్టులు హాల్‌లో, మొదటిసారి చదివే ఎకానమీ పాఠం గదిలో తలుపు వేసుకుని.

అశోక్‌నగర్ అద్దెగది

ఆ మేరకు మాస్టారు గారితో నాకు పేచీ లేదు. కానీ 'అన్ని రకాలవాళ్ళూ ఉంటారు' అన్నది రెండు వైపులా పదునున్న మాట.

2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న అవే ప్రిలిమ్స్ మూడోసారి రాశారు. ఆ మధ్యకాలంలో అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ప్రాంతంలో ఉన్నవారికి తెలుసు, పట్టుదల ఎంతగా అంటుకుంటుందో నిరాశ కూడా అంతగానే అంటుకుంటుంది. టీ బండి దగ్గర ఒకడు 'ఇక అవ్వదు' అంటే, సాయంత్రానికి ఆ వరుసలో సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి. 'నేను చేయగలను' అన్న నమ్మకమూ, 'చేస్తే ఫలితం దక్కుతుంది' అన్న నమ్మకమూ వేరని బండూరా 1977లోనే స్పష్టంగా రాశారు. వీళ్ళు పోగొట్టుకున్నది రెండోది. అది వాళ్ళ క్రమశిక్షణ లోపం కాదు. అలాంటి సమయంలో ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాడే నిబ్బరంగా చదువుకోగలిగాడని నా పరిశీలన. అతని ఎదుట కుర్చీ వదిలి లేచిపోయేవాళ్ళు లేరు కదా.

మనస్తత్వశాస్త్ర విద్యార్థి, తార్నాక

ఇందులో ఎంపిక దోషం లేదా? ఊళ్ళో ఒంటరిగా ఉండి మానేసినవారు మీ కంటపడే అవకాశమే లేదు.

అశోక్‌నగర్ అద్దెగది

ఉండవచ్చు. అయినా హాల్‌లో మానేసినవారు ఒకరి వెనక ఒకరు మానేయడం నా కంటపడిందే.

చిక్కడపల్లి చదువరి

అందరికీ ధన్యవాదాలు. బాబాయికీ నాన్నగారికీ ఈ చర్చ చదివి వినిపించాను. ఎవరికి అనుకూలమైనంత వరకు వారు విన్నారు. ప్రస్తుతానికి తమ్ముణ్ణి సూర్యాపేటలోనే ఉంచి, ఉదయంపూట అక్కడి గ్రంథాలయంలో కూర్చోమని చెప్పాను. వాడికి ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ముగ్గురూ ఆదివారం ఒకే మాక్ టెస్టు రాసి, తప్పిన ప్రతి ప్రశ్న దగ్గరా తాము ఎలా ఆలోచించి ఆ జవాబు పెట్టారో ఒకరికొకరు చెప్పుకోవాలని ఏర్పాటు. మొదటిసారి చదివే పాఠాలు ఒక్కసారి పూర్తయ్యాక, పరీక్షకు ముందు కొంతకాలం ఇక్కడికి రప్పిస్తాను. గంటలు కాకుండా, ఆ రోజు ఏది రాలేదో మాత్రమే రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ కూడా పెట్టమన్నాను. దాన్ని వారానికొకసారి తాను చూస్తానని బాబాయి అంటున్నారు. దానికి మీరేమంటారు?

లెక్కల మాస్టారు, దిల్‌సుఖ్‌నగర్

చూడటంలో తప్పేముంది? పెద్దవాళ్ళ కన్ను ఉంటే వారమంతా రాస్తాడు.

మనస్తత్వశాస్త్ర విద్యార్థి, తార్నాక

రాస్తాడు, బాబాయిగారు చూడదగినవి మాత్రమే రాస్తాడు. రానివి రాసుకునే పుస్తకం మరొకరికి చూపించవలసి వస్తే వచ్చినవే అందులోకి ఎక్కుతాయి. బాబాయిగారికి ఆదివారం మాక్ టెస్టు మార్కులు చెప్పమనండి, నోట్‌బుక్ జోలికి రావద్దని మీరే నచ్చజెప్పండి.