మా సందులో మంటలొస్తే నిలబడి వీడియో తీసేవాళ్ళను ఏం చేయాలి?

పాత తిరుపతి
కొర్లగుంట వైపు మా సందులో పోయిన గురువారం రాత్రి తొమ్మిదిన్నరప్పుడు ఒక మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద మీటర్ల బోర్డు అంటుకుంది. ఎవరిదో ఎలక్ట్రిక్ స్కూటర్ అక్కడే చార్జింగ్‌లో ఉంది. స్కూటర్ వల్ల బోర్డు కాలిందా, బోర్డు వల్ల స్కూటరా అన్నది ఇంకా తేలలేదు. నేను అడిగేది అది కాదు.

నేను వెళ్ళేసరికి సందు నిండా జనం. సగం మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. పైవాళ్ళు కిటికీలో నుంచి అరుస్తా ఉంటే ఒక కుర్రాడు నాతో అంటాడు, "తాతా, కొంచెం పక్కకు జరుగు, అడ్డమొస్తాండావు" అని! ఎదురుగా కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. టిఫిన్ బండి ఆయన, ఇంకో ఇద్దరు బాండ్లీలతో ఇసుక మోసుకొచ్చి పోశారు. ముగ్గురంటే ముగ్గురు. మిగతావాళ్ళంతా తమాషా చూసినవాళ్ళే. దేవుడి దయ వల్ల ప్రాణాలు పోలేదు. పొగ పీల్చిన ఇద్దరిని ఒక రోజు ఆస్పత్రిలో పెట్టి పంపించారు.

ఇట్లాంటి వాళ్ళ మీద కేసు పెట్టాలా వద్దా? సూటిగా చెప్పండి.

చిత్తూరోడు
కేసెందుకు సార్, రెండు తగిలిస్తే సరిపోయేది.

నల్లకోటు ఇంకా రాలేదు
ఏ సెక్షన్ కింద పెడతారు సార్? రోడ్డు మీద నిలబడి వీడియో తీయడం దానంతట అదే నేరం కాదు. ఫైరింజన్‌కి అడ్డం నిలబడితే అది వేరే మాట.

ఇంకో సంగతి. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. కింద పడిపోయిన ఆడవాళ్ళకు పోలీసులు గుండె మీద ఒత్తుతూ సీపీఆర్ చేయడం మనమంతా చూసింది ఎవరో తీసిన వీడియోల్లోనే కదా. తర్వాత ప్రభుత్వం న్యాయ విచారణ వేసింది. అట్లాంటి చోట సామాన్యుడి నోటిమాటకు విలువెంత, వీడియోకు విలువెంత? మీరే చెప్పండి. నేను లా చదువుతున్నాను కాబట్టి ఇట్లా ఆలోచిస్తున్నానేమో, కానీ ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ రాక్షసుడు కాదు.

రెండో గేరు
వీడియో గొడవ పక్కన పెట్టండి. ఫైరింజన్ సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ రాయరే? నేను ఆటో పక్కన పెట్టి పరిగెత్తినవాడిని. హ్యాండిల్ లాక్ వేసిన బండ్లను నలుగురం కలిసి ఎత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది. దానికి తోడు ప్రతి ఇంటి ముందూ రోడ్డు మీదకు దించిన ర్యాంపులు. చివరికి వాళ్ళు పైపు లాక్కుంటూ నడిచి వచ్చారు.

పాత తిరుపతి
ఫైరింజన్ వచ్చేసరికే ఇరవై ఐదు నిమిషాలయింది. అప్పటికి మంట ఆరిపోయింది. ర్యాంపులకూ దానికీ సంబంధం లేదు.

లా చదివే అమ్మాయికి: బైరాగిపట్టెడ సంగతి వేరు తల్లీ. ఇక్కడ వీడియో తీసినవాళ్ళు సాక్ష్యం కోసం తీయలేదు, లైకుల కోసం తీశారు. 2021 నవంబరు వరదలప్పుడు మేము లక్ష్మీపురం సర్కిల్ దగ్గర ఉండేవాళ్ళం. ఇంట్లో మోకాలి పైకి నీళ్ళు. మా ఆవిడ మంచం మీద నిలబడి దేవుడి పటాలు గుండెకు పట్టుకుని ఉంది. కిటికీలో నుంచి ఎవడో తీసి, దానికి కామెడీ మ్యూజిక్ తగిలించి వదిలాడు. బెంగళూరులో ఉండే మా అల్లుడికి ఆఫీసులో ఎవరో చూపించారంట. ఆమె ఈ రోజుకీ ఫోన్ ఎత్తినవాడు కనబడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఇది ఏ సెక్షన్ కిందకొస్తుందో నువ్వే వెతికి చెప్పు.

రెండో గేరు
ఇరవై ఐదు కాదు, పన్నెండు నిమిషాలు. వాచీ చూసుకున్నాను.

తిరుచానూరు అక్క
పెద్దాయనా, అమ్మకు జరిగింది చాలా తప్పు. అదే నెలలో శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు రింగుల సంపు భూమిలోంచి పైకి లేచినప్పుడు కూడా ఇంతే. లోపల కడుగుతున్న ఆమె ఎట్లా బతికి బయటపడిందో అడిగినవాళ్ళకన్నా ఆ సంపు చూడ్డానికి ఎగబడిన జనమే ఎక్కువ.

కరెంటు మనిషి
ఒక్క మాట చెప్పి పోతాను. మీటర్ల బోర్డు కాలేటప్పుడు బకెట్లతో నీళ్ళు కొట్టకండి. కరెంటు ఆగిందని ఖాయమయ్యేదాకా నీళ్ళు పోసినవాడికే షాక్. ఇసుక పోసిన ఆ ముగ్గురూ సరైన పని చేశారు. అయితే ఇంటి మెయిన్ ఆపేస్తే సరిపోదు. మీటరుకు వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆపాలి, అది లైన్‌మన్ పని. 1912కి చెప్పండి. ఆ రాత్రి ఎవరైనా చేశారా?

ఇంకోటి, వైర్ల మీది ప్లాస్టిక్ కాలిన పొగ మంటకన్నా ముందు మనిషిని పడగొడుతుంది. మెట్లదారి ఆ పొగకు గొట్టం లాంటిది.

చిత్తూరోడు
1912 ఎవడికి గుర్తుంటుంది అన్నా, అందరికీ తెలిసింది 108 ఒక్కటే.

నల్లకోటు ఇంకా రాలేదు
పెద్దాయనా, మీ ఇంట్లో జరిగింది వేరు. కిటికీలోంచి ఇంటి లోపల తీయడాన్ని నేను సమర్థించలేదు. రోడ్డు గురించి మాట్లాడాను.

మనవాళ్ళు ముందుకు రాకపోవడానికి అసలు కారణం భయం. సాయం చేస్తే స్టేషన్ చుట్టూ తిరగాలేమోనని. దానికే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయం చేసినవాళ్ళను కాపాడే మార్గదర్శకాలను తప్పనిసరి చేసింది. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని కొత్తగా చేర్చారు. సాయం చేసినవాడి మీద సివిల్, క్రిమినల్ కేసులుండవు. పేరు, అడ్రసు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఇది స్కూళ్ళలో చెప్పాలి.

పాత తిరుపతి
నువ్వే అన్నావు, మోటారు వాహనాల చట్టం అని. అది రోడ్డు ప్రమాదాలకు. ఇల్లు కాలితే వర్తిస్తుందా?

నల్లకోటు ఇంకా రాలేదు
ఆ సెక్షన్ వర్తించదు. కానీ నేను చెప్తున్నది భయం గురించి.

పాత తిరుపతి
వర్తించదు కదా. అంతే.

రెండో గేరు
భయం ఊరికే రాలేదమ్మా. చట్టం రాకముందు ఒకసారి కరకంబాడి రోడ్డులో బండి మీద నుంచి పడినాయన్ని నా ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. "నువ్వే గుద్దినావా?" అని మొదటి మాట. తెల్లవార్లూ అక్కడే కూర్చోబెట్టారు. సీట్ల మీది రక్తం నేనే కడుక్కున్నాను. అయినా ఇప్పటికీ ఎక్కించుకుంటాను, అది వేరే సంగతి. ఇంట్లోవాళ్ళు మాత్రం తిడతారు.

మళ్ళీ చెప్తున్నా, 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫొటో ఫ్రేముల షాపు తగలబడినప్పుడు ఊరంతా చూసింది కదా. ఆ పాత వీధుల్లో దారి ఎంత ముఖ్యమో అప్పుడైనా బుర్రకెక్కాలి. మన సందులో ఎవరికి ఎక్కింది?

తిరుచానూరు అక్క
ఇంత మాట్లాడుకుంటున్నారు, 101కి ఫోన్ చేసిందెవరు? పాత తిరుపతి సార్, మీరు చేశారా?

పాత తిరుపతి
అప్పటికే ఎవరో చేసి ఉంటారనుకున్నాను. అంతమంది ఫోన్లు చేతిలో పెట్టుకుని నిలబడ్డారు కదా.

రెండో గేరు
నేనూ సైరన్ విని పోయినవాడినే.

మూడో అంతస్తు
ఫోన్ చేసింది నేను. పైనుంచి.

ఇక్కడ రాయకూడదనుకున్నాను కానీ రెండు రోజులుగా చదివి చదివి ఉండలేకపోతున్నాను. నేను ఆ ఇంట్లో బాడుగకు ఉంటాను. కోచింగ్ కోసం వచ్చిన మేము నలుగురం ఒక గదిలో. కరెంటు పోయింది, అందరి ఇళ్ళలోనూ పోయిందేమో అనుకున్నాం. తలుపు తీస్తే నల్లటి పొగ లోపలికి కొట్టింది. కిందికి దిగుదామని నాలుగు మెట్లు దిగాము కూడా. అప్పుడు రోడ్డు మీద నుంచి "దిగొద్దు, మెట్ల దగ్గరే మంట, దిగొద్దు" అని ఒకడు గొంతు చించుకుని అరిచాడు. వాడెవడో తెలుసా? మీరు తిడుతున్న ఆ వీడియో కుర్రాడే. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే మంట మొదటి మలుపు దాకా వచ్చిందని వాడికి కనిపించిందంట. తర్వాత కలిసి అడిగాను.

సరే, కిందికి పోలేం కాబట్టి పైకి పరిగెత్తాము. మిద్దె మీదకు పోయే ఇనుప తలుపుకు తాళం. ఓనర్ వేరే ఏరియాలో ఉంటాడు. తాళంచెవి ఆయన దగ్గరే. మా వాడొకడు చెప్పుతో కొట్టాడు, భుజంతో తోశాడు. దగ్గు వచ్చి కూర్చుండిపోయాడు. ఆస్పత్రిలో పెట్టిన ఇద్దరిలో ఒకడు వాడే. గదిలోకి వెనక్కి వచ్చి, తడి లుంగీ తలుపు కింద కుక్కి, కిటికీలో తల పెట్టి నిలబడ్డాం. మీరు చూసింది ఆ అరుపులనే.

కేసు పెట్టాలంటే ఆ తాళం మీద పెట్టండి.

కరెంటు మనిషి
లుంగీ తడిపి తలుపు కింద పెట్టడం మంచి పని తమ్ముడూ. అదే మిమ్మల్ని కాపాడింది.

పాత తిరుపతి
బాబూ, నీకు అట్లా జరిగినందుకు బాధగా ఉంది. ఆ ఇల్లు నాది కాదు. కానీ ఓనర్లంతా దుర్మార్గులన్నట్టు రాయకు. నా ఇంటి మిద్దెకు కూడా తాళం ఉంది. ఎందుకుందో తెలుసా? ముందున్న కుర్రాళ్ళు పైకెక్కి సిగరెట్లు, సీసాలు. వాటర్ ట్యాంకు మూత తీసి అందులో చేతులు కడిగారు. పిట్టగోడ మీద కూర్చుని ఫోన్లు. ఒకడు అక్కడి నుంచి పడితే పోలీసులు ఎవరింటికి వస్తారు? నా ఇంటికే. అప్పుడు ఈ లా అమ్మాయి వచ్చి కాపాడుతుందా? నా ఇల్లు, నా మిద్దె, నా తాళం.

రెండో గేరు
సార్, మీ ఇల్లు ఏదో నాకు తెలుసు. రోజూ అటే తిరుగుతా. మీ ర్యాంపు రోడ్డు మీదకు నాలుగడుగులుంది. ఫైరింజన్ ఆగింది అక్కడే. నేను మొదటి నుంచి మర్యాదగా "ర్యాంపులు" అని అందరినీ కలిపి రాస్తా వచ్చినా. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తారని మీకు కోపం. మీరు రోడ్డు ఆక్రమించింది ఎవరూ వీడియో తీయలేదని ధైర్యం.

పాత తిరుపతి
కార్పొరేషన్‌వాళ్ళు వచ్చి చెప్పనీ, తీసేస్తా. ఆటోవాళ్ళు సందు మలుపులో అడ్డంగా పెట్టుకుని బేరాలాడేది నాకూ తెలుసు. మాట్లాడమంటావా?

చిత్తూరోడు
మంట ఇప్పుడు మొదలైంది.

నిర్వాహకుడు
ఇళ్ళ గుర్తులు, అడ్రసులు ఇక్కడ రాయకండి. ఇంకోసారి రాస్తే తాళం వేయాల్సింది ఈ చర్చకే.

నల్లకోటు ఇంకా రాలేదు
ఇప్పుడు బయటపడింది. వీడియో గొడవ కాదు ఇది. బాడుగకు వచ్చినవాళ్ళను ఓనర్లు సందు మనుషులుగా చూడరు. పెద్దాయనా, మీ మొదటి పోస్టు మళ్ళీ చదవండి. "పైవాళ్ళు" అని రాశారు. పక్క సందులో మూడేళ్ళుగా ఉంటున్నాను, మా ఓనర్‌కి నా ఇంటిపేరు తెలియదు, "పైపోర్షన్" అంటారు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు మాత్రం ఆధార్ కార్డు రెండువైపులా కావాలి.

పాత తిరుపతి
పేరు తెలియకపోతే మనుషుల్ని కాపాడరా? టిఫిన్ బండి ఆయనకు ఎవరి పేరు తెలుసని ఇసుక మోశాడు? అన్నిటికీ ఓనర్, బాడుగ అని గీత గీయకు.

మూడో అంతస్తు
ఆయన ఇసుక మోశాడు సార్. మీరు పక్కన నిలబడి ఎవరు మోస్తున్నారో, ఎవరు తీస్తున్నారో లెక్కపెట్టారు.

పాత తిరుపతి
నాకు 67 ఏళ్ళు. మోకాళ్ళు నొప్పి. బాండ్లీ ఎత్తమంటావా?

మూడో అంతస్తు
ఎత్తమనలేదు. 101 నొక్కడానికి మోకాళ్ళు అక్కర్లేదు.

తిరుచానూరు అక్క
చాలు నాయనా, ఇద్దరూ ఆగండి. పెద్దాయన్ని అట్లా అనడం బాగాలేదు.

నేనూ బాడుగ ఇంట్లోనే ఉంటాను, పిల్లలతో. నాకు కావాల్సింది ఒకటే. బయటివాళ్ళు ఎక్కకుండా ఉండాలంటే కింద గేటుకు తాళం వేసుకోండి. మిద్దె తలుపుకు లోపలివైపు గడియ పెడితే సరిపోదా? గడియ తీసుకుని ఎవరైనా పైకి పోగలరు.

పాత తిరుపతి
గడియ పెడితే తాళం ఉన్నా లేనట్టే కదమ్మా. సిగరెట్ తాగేవాడు గడియ తీయలేడా? కావాలంటే ఒక తాళంచెవి మొదటి అంతస్తులో ఫ్యామిలీకి ఇస్తాను. కుర్రాళ్ళకు ఇవ్వను.

మూడో అంతస్తు
ఆ ఫ్యామిలీ కొత్త సంవత్సరానికో పండక్కో ఊరికి పోతే? ఆ రోజు పొగ రాదా?

పాత తిరుపతి
అన్నీ అనుమానాలే అయితే ఇల్లు ఖాళీ చేసుకోవచ్చు.

కరెంటు మనిషి
తాళాల సంగతి మీరూ మీరూ చూసుకోండి. మెట్ల కింద బండి చార్జింగ్ మాత్రం ఆపండి. బయటికి పోయే దారి అదొక్కటే కదా. అక్కడ చెప్పుల స్టాండు, పాత పరుపు, ఖాళీ గ్యాస్ సిలిండర్ కూడా పెడుతున్నారు. చార్జర్‌కు వేరే వైరు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్చి) వేయించి బయట గోడకు పెట్టుకోండి.

తిరుచానూరు అక్క
ఈ చర్చ మా ఓనర్‌కి పంపించాను. చదివి ఫోన్ చేశారు. "సరేమ్మా, మిద్దె తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెడతాను" అన్నారు.

మూడో అంతస్తు
మంచిదక్కా. వాచ్‌మన్ రాత్రిపూట ఉంటాడా?

తిరుచానూరు అక్క
ఎనిమిదిన్నరకు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఫోన్ చేస్తున్నాను.

రెండో గేరు
చేయండక్కా. పాత తిరుపతి సార్, ఫైరింజన్ మాత్రం పన్నెండు నిమిషాలకే సందు మొదట్లో ఉంది. మీరు ఇంకా ఒప్పుకోలేదు.