కొల్లేరు: ఐదో కాంటూరా, మూడో కాంటూరా?

డెల్టావాసి:
కొల్లేరు అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న మాట మా ఊళ్లో మళ్లీ వినిపిస్తోంది. తెలియనివారి కోసం: సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అంటే ఐదో కాంటూరు, వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. మూడడుగులకు దించితే మిగిలేది దాదాపు 135. నేను కుదింపునకు పూర్తిగా వ్యతిరేకిని. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద పిల్లలకు మేత పెట్టడం చూసినవారెవరూ దీనికి ఒప్పుకోరు.

లంకబిడ్డ:
ఒడ్డున కూర్చుని లోతు చెప్పడం సులువేనండీ. ఐదో కాంటూరు లోపల మావి జిరాయితీ (సొంత పట్టా) భూములు, మా తాతలు దాళ్వా (వేసవి వరి) పండించిన నేల. చేపల చెరువులు మాకు నేర్పింది కూడా ప్రభుత్వమే. 1970ల్లో సొసైటీలు పెట్టించి తవ్వించింది. అభయారణ్యంలో చెరువులు కూడదంటూ 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు తెంచేశారు. ఆ రోజు మా నాన్నగారు గట్టు మీద కూర్చుని భోజనానికి కూడా లేవలేదు. గండిలోంచి బొచ్చె, శీలావతి చేపపిల్లలు కొట్టుకుపోతుంటే చూస్తూ ఉండిపోయారు. మా ఇంటికి పరిహారం ఒక్క రూపాయి రాలేదు. 2008లో కుదించమని తీర్మానం చేసింది శాసనసభే కదా?

ఉప్పుటేరు పక్కన:
లంకబిడ్డ గారూ, మీ నాన్నగారి బాధను నేను కాదనను. కానీ తీర్మానం చేస్తే నీళ్లు వినవు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటికి తోడు డెల్టా మురుగు కాలువలు, అన్నీ కొల్లేటిలోకే వస్తాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అది నీళ్లు లాగదు. అంతవరకు ఆ నీళ్లు ఆగవలసింది మూడు, ఐదు కాంటూర్ల మధ్యే. అక్కడ గట్లు వేస్తే ఆ నీళ్లు ఊళ్ల మీదికే వస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ తర్వాత వరద మా వైపు వచ్చింది. చినయడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో నడిచాను. పక్కనే ఒక చెరువు, గట్టు లోపల నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. గట్టు బయట కిక్కిస గడ్డి మొనలు మాత్రమే కనిపిస్తున్నాయి. గుర్రపుడెక్క వంతెన ఖానాలకు అడ్డంపడి పచ్చటి గోడలా నిలిచింది, నీళ్లు దాన్ని దాటలేక రోడ్డెక్కాయి. అందుకే అంటున్నాను, కాంటూరు గీత కంటే గట్టు గురించి మాట్లాడాలి.

పాకాల నీరు:
మాది వరంగల్ వైపు. పాకాల కాకతీయులు కట్టిన చెరువు, కొల్లేరు తనంతట తాను పుట్టిన సరస్సు. చెరువుకు అలుగు ఎత్తు మనమే నిర్ణయిస్తాం, కొల్లేటికి ఆ వీలు లేదు. అయినా ఒక పోలిక చెబుతాను. మా చెరువుల శిఖంలో, అంటే నీళ్లు నిండితే మునిగే నేలలో, పట్టా భూములున్నాయి. నీళ్లు తగ్గితే రైతు దున్నుకుంటాడు, నీళ్లొస్తే చెరువుకు వదిలేస్తాడు. భూమి అతనిదే, మట్టి పోసి ఎత్తు చేయడానికి మాత్రం వీల్లేదు. కొల్లేటి జిరాయితీకి ఇదే పద్ధతి పెట్టకూడదా?

డెల్టావాసి:
ఇది బాగుంది. ఒడిశాలో 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక చిలికా కోలుకుంది. ఉప్పుటేరును కూడా అలాగే తవ్వి తెరవాలి.

ఉప్పుటేరు పక్కన:
చిలికా ఉప్పునీటి సరస్సు, కొల్లేరు మంచినీటిది. ఊరికే తవ్వి వదిలేస్తే పోటు నీరు ఎదురెక్కి వస్తుంది. పూడిక తీయడంతోపాటు పోటు నీటిని ఆపే తలుపుల రెగ్యులేటరు కూడా కట్టాలి.

లంకబిడ్డ:
గట్టు లేని సేద్యం మాకు కొత్త కాదు. తాతల కాలంలో వేసవిలో వరి, వానాకాలంలో మావులు (చేపలు పట్టే బుట్టలు) వేసి కొర్రమేను, జెల్ల పట్టేవారు. కానీ చేపల చెరువు మీద వచ్చే డబ్బు ఒక్క దాళ్వా మీద రాదు. ఆ తేడాను ఏటా ఎకరానికి ఇంత అని లెక్కగట్టి రైతు చేతికివ్వమనండి, నా గట్టు నేనే తెంచుతాను. అయితే ముందు డబ్బు, తర్వాత గండి. 2006లో జరిగింది దీనికి తలకిందులు.