ఆపరేషన్ అయ్యాక "గ్యాస్ పోయిందా?" అని ఎందుకు అడుగుతారు?

ప్రశ్న:
మా నాన్నకి పేగు ఆపరేషన్ అయి ఇవాళ్టికి మూడో రోజు. డాక్టరుగారు పొద్దున్నే వచ్చి, కుట్లు కూడా చూడకముందే "గ్యాస్ పోయిందా?" అంటారు. నాన్న పంతులుగా రిటైరైన మనిషి. వార్డులో అందరి ముందూ ఆ మాట అడిగేసరికి గోడవైపు తిరిగిపోతున్నారు. సెలైన్ మీదే ఉన్నారు, ఇడ్లీ పెట్టమని ఒకటే గొడవ. గ్యాస్‌కీ ఇడ్లీకీ ఏంటండీ సంబంధం?

జవాబు 1:
సర్జికల్ వార్డులో 14 ఏళ్లుగా నర్సుని. నవ్వకండి, మా వార్డులో అంతకు మించిన శుభవార్త లేదు.

తిన్నది దానంతటదే కిందికి జారదు. పేగు గోడలో రెండు వరసల కండరాలుంటాయి, ఒకటి కడియంలా చుట్టూ, ఇంకోటి నిలువునా. ముద్ద వెనక బిగుసుకుని, ముందు వదులై, అలలా తోస్తాయి. లంగాకి నాడా ఎక్కించేటప్పుడు పిన్నీసుని బట్టపైనుంచే నొక్కి నొక్కి జరుపుతాం కదా, అలా. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వినేది ఆ గుడగుడలే.

ఆపరేషన్లో చెయ్యి తగిలితే పేగు అలిగి పడుకుంటుంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఇంకాస్త జోకొడతాయి. మామూలుగా చిన్నపేగు మొదటి రోజే లేస్తుంది. జీర్ణాశయానికి 1-2 రోజులు. పెద్దపేగు మహా బద్ధకం, 2-3 రోజులు తీసుకుంటుంది. గ్యాస్ పోయిందంటే అదీ లేచిందన్నమాట. ఇప్పుడు చాలాచోట్ల అంతకుముందే కొంచెం కొంచెంగా తాగిస్తున్నారు, కానీ మీ నాన్నగారికి ఎప్పుడనేది ఆ పేగు కుట్టిన డాక్టరే చెప్పాలి. దొంగచాటుగా మాత్రం పెట్టకండి, పొట్ట ఉబ్బి వాంతులైతే మళ్లీ ముక్కులో గొట్టం. డాక్టరుగారు సరేనంటే రోజూ కాసేపు నడిపించండి.

జవాబు 2:
మా గేదెలు చెరువులో తల వంచి తాగుతాయి. నీళ్లు కింద, పొట్ట పైన! ఎదురెక్కించేది గొంతునుంచి పొట్టదాకా ఉండే గొట్టంలోని అలాంటి కండరాలే. నెమరేసేటప్పుడు మెడకి ఎడంపక్క చూడండి, ముద్ద పైకి పాకడం కంటికి కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నర్సమ్మగారూ, సాయంత్రం కారిడార్లో నడిపిస్తుంటే నాన్న ఠక్కున ఆగి, నా చెవిలో "వెళ్లి డాక్టరుగారికి చెప్పిరా" అన్నారు. ప్రస్తుతానికి చెంచాలతో నీళ్లు. ఇడ్లీ కేసు రేపటికి వాయిదా.