నూనె రంగుల్లో నీడలు మసకబారుతున్నాయి, ఉపాయం చెప్పండి

చంద్రగిరి రాజమహల్, సాయంత్రపు వెలుగు, 18×24 అంగుళాల కాన్వాసు. గురువు లేడు, రవివర్మ బొమ్మల ముద్రణలే ఆధారం. 1894లో మొదలైన ఆయన ప్రెస్సు బొమ్మల్లో వెలుగునీడలు తెలుస్తాయి గానీ రంగు పొరలు తెలియవు, చిక్కంతా అక్కడే.

కాన్వాసుకు అడుగుపూతగా అక్రిలిక్ జెస్సో రెండు పూతలు. మొదటి పొర బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), టర్పెంటైన్‌తో పలచగా. రెండో పొరకు లిన్సీడ్ (అవిసె) నూనె, టర్పెంటైన్ చెరిసగం. మూడోదానికి నూనె రెండు పాళ్లు, టర్పెంటైన్ ఒక పాలు.

వారానికల్లా కమానుల కింది నీడలు బూడిద పూసినట్టయ్యాయి. టైటానియం వైట్ కలిసిన గోడలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. దాంతో కొత్త రంగు పాతదానికి సరిపోల్చడమే కుదరడం లేదు.

అంబర్‌కు నూనె ఎక్కువ కావాలి, జెస్సో కూడా పీలుస్తుంది. తప్పు దేనిది? పొర ఆరాక పలచగా లిన్సీడ్ రుద్ది, గుడ్డతో పూర్తిగా తుడిచేస్తే చాలా (మిగిలితే పసుపెక్కుతుంది), లేక రీటచ్ వార్నిష్ (బొమ్మ మధ్యలో పూసే పలచని తాత్కాలిక వార్నిష్) మేలా? తిరుపతి ఎండకు టర్పెంటైన్ పాలెట్ మీదే ఆవిరవుతోంది. మే నెలలో పాళ్లు మార్చుకునేవాళ్లు ఎంతెంత కలుపుతారో కూడా చెప్పండి.