టూర్ల మీద తిరిగే రాక్ బ్యాండోళ్లది నిజంగ ఒంటరితనమేనా?

పాలమూరు పోరడు:
నిన్న దోస్తులతోని ఇదే లొల్లి. రాక్ సింగర్లు ఇంటర్వ్యూలల్ల టూర్ల ఒంటరిగ ఉంటది, డిప్రెషన్ వస్తది అంటరు గద, నాకైతే నమ్మబుద్ధి కాదు. ఏసీ రూము, విమానం, వేలమంది చప్పట్లు. మా నాయిన నారాయణపేట దిక్కు నుంచి బొంబాయికి మట్టిపనికి పోతే మళ్ల దసరాకే వచ్చేటోడు. ఒంటరితనమంటే గది. ఏమంటరు?

మిర్యాలగూడ డ్రమ్స్:
తమ్మీ, మీ నాయిన కష్టం పక్కన మాది పెట్టను. కానీ హైదరాబాద్‌ల ఒక రాక్ బ్యాండ్‌ల ఆరేండ్లు డ్రమ్స్ కొట్టిన, చప్పట్లు రూము దాక రావు. షో అయిపోయి రూముకొస్తే రాత్రి రెండు, చెవులల్ల ఇంక గుయ్యిమంటనే ఉంటది, నిద్ర రాదు, మాట్లాడుదమంటే ఇంట్ల అందరు పండుకొని ఉంటరు. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది, నేను సౌండ్‌చెక్‌ల (షోకు ముందు మైకులు, వాయిద్యాలు సరిచూసుకునుడు) ఉన్న. తెల్లారి చేస్తే "ఏం లేదు బిడ్డా, తిన్నవో లేదోనని" అన్నది. హోటల్ సబ్బు కాయితం చింపుకుంట ఏడ్చిన.
ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బీటిల్స్ అంతటోళ్లే 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోల షో చేసి టూర్లు బంద్ పెట్టిండ్రు, జనం అరుపులకు వాళ్ల పాట వాళ్లకే సక్కగ వినపడకపోయేది. అమెరికా బ్యాండ్ బీచ్ బాయ్స్‌ల పాడే బ్రయాన్ విల్సన్‌కు 1964 డిసెంబర్‌ల హ్యూస్టన్ పోయే విమానంలనే పానిక్ అటాక్ వచ్చింది, అప్పుడు 22 ఏండ్లు. పైసలు లేకనా?

పాలమూరు పోరడు:
మరి వాళ్లు బంద్ పెట్టగలిగిండ్రు గదన్నా. మా నాయినకు ఆ తొవ్వ యాడిది?

మిర్యాలగూడ డ్రమ్స్:
బీటిల్స్‌కు రికార్డులు అమ్ముడుపోయేటియి. ఇప్పుడు మాలాంటోళ్లకు షో ఉంటేనే పైసలు, నేనొక్కన్ని ఆగితే మిగిలిన నలుగురి షో పోతది.

దేవరకొండ కోడలు:
మీరిద్దరు పోయినోళ్ల గురించే మాట్లాడుతున్నరు. మా ఆయన కూడ బ్యాండే, గిటార్. ఇంటికొచ్చి మూడు దినాలు గోడ దిక్కు తిరిగి పండుకుంటడు, పిల్ల పిలిచినా పలుకడు. టూర్లు బంద్ చెయ్యమంటలేను, అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా 2023 టూర్ల చానా ఊర్లల్ల రెండు షోలు, నడుమ ఒక దినం గ్యాప్ పెట్టుకున్నరంట. మనోళ్ల మేనేజర్లు వరుసగ ఐదూర్లు ఎందుకు ఒప్పుకుంటరు?

పాలమూరు పోరడు:
అక్కా, మా నాయిన గుంపుతోని పోయేటోడు, ఇరవై మంది ఒక్క పొయ్యి మీద వండుకునేటోళ్లు. అయినా ఇంటికొచ్చినంక దినమంత అరుగు మీద కూసుండేటోడు, మాతోని మాట్లాడకపోయేది. అలసట అనుకున్న. పొద్దుగాల లేసి అడుగుత.