సీసీ కెమెరా ఫుటేజీకి సెక్షన్ 63 సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జూన్ 11 రాత్రి 9:40కి మా నాన్నగారి స్కూటీని ఒక కారు గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. ఎఫ్‌ఐఆర్ అయింది. జంక్షన్‌లో పోలీసు కెమెరా ఉంది. పాత రికార్డింగు చెరిగిపోతుందేమోనని టెన్షన్ పడి, మూడో రోజే ఫుటేజీ భద్రపరచమని రాసిచ్చి రసీదు తీసుకున్నాను.

ఆర్టీఐ పెడితే దర్యాప్తుకు అడ్డమంటూ సెక్షన్ 8(1)(హెచ్) కింద తిరస్కరించారు. కాపీ ఇస్తే దర్యాప్తు ఎలా ఆగుతుందో ఒక్క ముక్క రాయలేదు. 19(1) కింద మొదటి అప్పీలు వేశాక 2 నిమిషాల 14 సెకన్ల క్లిప్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. నంబరు స్పష్టంగా ఉంది. అయినా కారు యజమాని ఆ బండి తనది కాదంటున్నాడు, అందుకే ఈ క్లిప్ మాకు ప్రాణం.

కానీ దానితో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని సరిచూసే కోడ్) ఇవ్వలేదు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి జతచేసే ధ్రువపత్రం) కూడా లేదు. రెండుసార్లు వెళ్లి అడిగాను, కోర్టు అడిగితేనే ఇస్తామన్నారు. ఛార్జిషీటు ఇంకా వేయలేదు.

ఇక్కడ గానీ గుంటూరులో గానీ ఇలా సర్టిఫికెట్ సాధించినవాళ్లు చెప్పండి: బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 (పత్రాలు, వస్తువులు తెప్పించే అధికారం) కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయాలా, లేక యాక్సిడెంట్ క్లెయిమ్ ట్రిబ్యునల్‌లోనే అడగాలా?