అప్‌డేట్: ఆల్టర్నేటర్ బాగానే ఉంది, లోపం పాజిటివ్ కేబుల్‌లో

కారులో లోడ్ (లైట్లు, బ్లోయర్ లాంటి కరెంటు వాడకం) పెంచితే బ్యాటరీ దగ్గర 12.9 వోల్టులే వస్తున్నాయి, ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే జనరేటర్) మార్చాలా అని ఇంతకుముందు అడిగాను కదా. మార్చక్కర్లేదు.

హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ ఆన్ చేసి, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర కొలిస్తే ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకీ దాని బాడీకీ మధ్య 14.3 వచ్చింది. అంటే తయారవుతోంది, బ్యాటరీకే చేరడం లేదు. మీటర్ ఒక ప్రోబ్ ఆ బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెడితే 1.3 వోల్టుల డ్రాప్ (దారిలో పోయే వోల్టేజ్)! అక్కడ 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.08, కాబట్టి ఎర్త్‌లో (నెగటివ్ వైపు దారిలో) లోపం లేదు. లోడ్ లేకుండా ఈ పరీక్ష దండగ: కరెంటు పారకపోతే డ్రాప్ కనిపించదు.

కేబుల్ లగ్ (బోల్టుకి బిగించే లోహపు కొస) కింద పచ్చటి తుప్పు. ముందు ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి (ఆ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలే), లగ్‌ని మెరిసేదాకా రుద్ది బిగించాను. ఇప్పుడు డ్రాప్ 0.15, బ్యాటరీ దగ్గర 14.1. మీటర్‌ని ఏసీ వోల్టుల రేంజ్‌లో పెడితే రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఏసీ అలలు) కూడా 0.03 మాత్రమే, అంటే ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు భద్రం.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీసి చూడమనే సలహా మాత్రం పాటించకండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు.